కొసరు లేని అంచు

చింతామణిలో నూనె మిల్లు సాహుకారు ఇంటి ముందరి తులసి మడికి నేను అంచు కట్టలేదు. ఊళ్ళో ఈ మాట ఇంకా చెప్పుకుంటున్నారు. పూలు కట్టే ఇంట్లో పుట్టి, దేవుడి తోటకు నీళ్ళు పోసే మనిషి కూతురై ఉండి, తులసికి నాలుగు ఇటుకలు పెట్టలేదట అని. నాలుగు కాదు, యాభైనాలుగు. మిగిలినదంతా నిజమే. ఎందుకు పెట్టలేదో ఆ రోజే నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. దాన్ని పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఎవరైనా ఎదురుగా నిలబడి అడిగితే నేను ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కాగితం అడిగితే మాత్రం భయం లేదు.

మా ఇంటివాళ్ళు తరతరాలుగా గుడి పూలతోట చూసేవాళ్ళు. దేవుడికి పోగా మిగిలిన పూలను మాల కట్టి మూర లెక్కన అమ్మడం ఇంటి ఆడవాళ్ళ పని. మూర అంటే అమ్మే మనిషి మోచేతి నుంచి నడివేలి కొస దాకా. కొలిచాక కొసరు వేయాలి, అంటే ఇంకో నాలుగు వేళ్ళ పొడుగు మాల ఊరికే వదిలి తెంపాలి. కొసరు వేయని చేతి దగ్గరికి కొనేవాళ్ళు రెండోసారి రారు. మా మేనత్త చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లో ఉండిపోయింది. అప్పటి నుంచీ అరుగు మీద కూర్చుని పూలు అమ్ముతోంది. కొసరు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి తనంతట తానే ముందుకు జరుగుతుంది. ఆమె వేరే ఎవరితోనో గొడవ పడుతున్నా సరే, చేయి మాత్రం జరుగుతుంది.

నాయన పూలు కొలవలేదు గానీ, మడులు కొలిచాడు. కచేరీ ఉద్యోగులు, డబ్బున్న వర్తకులు బంగళాలు కట్టుకుని, బెంగళూరులో చూసి వచ్చినట్టు ఇంటి ముందు పూలమడులు కావాలనడం మొదలుపెట్టిన రోజులవి. మడి చుట్టూ ఇటుకలు ఒకదానికొకటి ఆనించి, ఏటవాలుగా, రంపపు పళ్ళలా పాతుతారు. మట్టి దారి మీదికి జారకుండా, దారిన పోయే కాలు మడిలో పడకుండా అదే అంచు. నాయన చేతిలో ఆ పని చక్కగా కుదిరింది. ధర కట్టడం మాత్రం ఆయనకు ఎవరూ నేర్పలేదు. తెలిసినదొక్కటే, మాల. కాబట్టి అంచును కూడా మూర లెక్కన చెప్పాడు. పని అయిపోయాక కొసరు వేశాడు. ఒక ఇంట్లో మెట్టు పక్కన రెండు మూరలు, ఇంకో ఇంట్లో గులాబి చెట్టు చుట్టూ మూడు మూరలు.

నాలుగు వేళ్ళ మాలకు పది మొగ్గలు పోతాయి. మూడు మూరల అంచుకు పదమూడు పద్నాలుగు ఇటుకలు పోతాయి, ఇద్దరు మనుషుల గంటసేపటి పని పోతుంది. ఈ తేడా మా ఇంట్లో ఎవరికీ కనబడలేదు. పూలు కట్టే ఇంటికి తప్ప ఇంకెవరికీ ఇలాంటి పొరపాటు జరగదేమో.

నాకు కనబడడానికి కారణం ఒక టేపు. మరామత్తు పనుల మేస్త్రీ ఒకాయన తన కూతురి పెళ్ళి మాలలకు బదులుగా ఇచ్చిపోయింది అది. గుండ్రటి తోలు డబ్బాలో చుట్టిన గుడ్డ టేపు, పక్కన ఇత్తడి పిడి. నాయన దాన్ని మేకుకు తగిలించి మరిచిపోయాడు. నేను మరవలేదు. కన్నడ ఇస్కూలులో మిడ్లు దాకా చదివి ఇంట్లో కూర్చున్నదాన్ని నేను. తెలుగు తాత దగ్గర నేర్చుకున్నాను. అంగడి నుంచి బెల్లం చుట్టుకుని వచ్చిన పత్రిక కాగితాన్ని కూడా తడిపి విప్పి, ఆరబెట్టి చదివేదాన్ని. సొంతానికి ఉన్న పుస్తకం ఒక్కటే, ఇస్కూలు లెక్కల పుస్తకం. కథలు దొరకని రోజున అదే చదివేదాన్ని.

నాయన తన మూరకు సరిగ్గా కోసి పెట్టుకున్న వెదురు కర్ర ఒకటి ఉండేది. మా ఇంట్లో ధరలన్నిటికీ అదే ఆధారం. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాని మీద టేపు పరిచాను. పుస్తకంలో మూర పద్దెనిమిది అంగుళాలు. నాయన కర్ర పంతొమ్మిదిన్నర. ఆయన పొడుగు మనిషి, చేతులు ఇంకా పొడుగు. మూర మూరకూ అంగుళమున్నర ఊరికే పోతోంది, ఆ పైన మళ్ళీ కొసరు. రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఏ సంగతైనా రాసేస్తే చెప్పేసినట్టే ఉండేది నాకు.

తరువాత నాయన గుడి తోట బావి మెట్ల మీద జారి మోకాలు పాడుచేసుకున్నాడు. అప్పటికే బాగేపల్లిలో సర్కారు ముసాఫరి బంగళాకు అంచు కట్టే పని ఒప్పుకుని ఉన్నాడు. ఇటుకలు పరిచే కూలీ దంపతులు ఉన్నారు కానీ, కొలిచి ధర చెప్పేవాళ్ళు లేరు. నేను పోతానన్నాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు అందరికంటే నేనే ఎక్కువ బెదిరిపోయాను. ఒక్కదాన్నే పంపరు కాబట్టి అత్త తోడు వచ్చింది. యుద్ధం రోజులు, పెట్రోలు లేక బస్సులు బొగ్గు మీద నడిచేవి. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి నడిచాం.

బంగళా చూసుకునే ఉద్యోగి వరండాలోకి వచ్చి, "ఎంతమ్మా?" అని అడిగాడు. నేను అత్త చెవిలో చెప్పాను. అత్త తోట చివర దాకా వినిపించేలా అరిచింది.

"అడుగుకు రెండణాలంట!"

"అంట ఏమి? చెప్పేది ఎవురు?"

"నోరు నాది, లెక్క దానిదప్పా. నీకు రెండూ ఒక మనిసిలోనే కావాల్నా?"

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. ఆ రెండణాలను నేను గాలిలోంచి తీసుకురాలేదు. అడుగుకు మూడు ఇటుకలు, దారిలో విరిగేవాటితో కలిపి ముప్పావు అణా. బండి బాడుగ, ఇసుక, మూలల్లో వేసే సున్నం గచ్చు కలిపి పావు. గాడి తవ్వి పరిచే ఇద్దరి కూలి అర్ధణా. ఇంటికి మిగిలేది అర్ధణా. కచేరీ కాగితంలో పని, అడుగులు, ధర అని మూడు గళ్ళు ఉన్నాయి. కొసరుకు గడి లేదు. ఆ కాగితాన్ని చాలాసేపు చూశాను. ఎవరినీ నొప్పించకుండా కొసరు మాట ఎత్తకపోవడం ఇంత సులభమా అనిపించింది.

పని నేనూ నేర్చుకున్నాను. తాడు లాగి గూటాలు కొట్టి, తాడు వెంబడి జానెడు లోతు గాడి తవ్వాలి. మొదటి ఇటుక ఏ వాలున పడుతుందో చివరిదీ అదే వాలున పడుతుంది. అందుకే మొదటిదాన్ని గచ్చులో నిలబెట్టి, దాని మీద చేయి వేసి, కళ్ళు మూసుకుని వాలు చూసేదాన్ని. సగం నేలలో, సగం పైన. తర్వాత మట్టి పోసి మడమతో తొక్కాలి. ఆడపిల్ల ఇటుకలు తొక్కుతోందని ఇద్దరు ముగ్గురు గోడ దగ్గర ఆగి చూశారు. నాకు చెవులు వేడెక్కాయి. తొక్కడం ఆపలేదు.

ఇంటికి వచ్చి డబ్బు ఇస్తే నాయన సంతోషించాడు, కానీ అడిగిన మొదటి మాట, "కొసరు ఏమి వేసినారు?"

"అడగలేదప్పా వాళ్ళు," అంది అత్త.

"అడగరు. మనం వేయాల." మోకాలు రాసుకుంటూ అన్నాడు. "సాహుకారు మనిషిని పంపినాడు. మూడు మడులు. ఇది మన ఊరి పని, అందరూ చూసేది. నీ లెక్కన చెయ్. ఆయప్ప నీ లెక్కన దుడ్డు ఇచ్చినాడా, టేపు నీదే. ఇయ్యలేదా, టేపు నా చేతికిచ్చి అత్త పక్కన కూర్చోని పూలు కట్టు. ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

సరేనన్నాను. పూలు కట్టడం నాకు ఇష్టం లేక కాదు. వేళ్ళు దారంలో ఉన్నప్పుడు కళ్ళు నేలకు అంటుకుపోతాయి. టేపు చేతిలో ఉంటే తల ఎత్తి దూరం చూడాలి. బాగేపల్లిలో నేను మొదటిసారి అంత దూరం చూశాను. అది పోగొట్టుకోదలచలేదు.

సాహుకారు కొత్త ఇల్లు మిల్లు పక్కనే. వాకిట్లో గుండ్రటి మడి ఒకటి, దారికి రెండు పక్కలా పొడుగాటి మడులు రెండు. ఆయన పడక కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూశాడు.

"మీ అన్న మూర లెక్కన చేస్తాండె. ఇదేందమ్మా, అడుగులంటాండారు?"

"ఎవురి మూరప్పా?" అంది అత్త. "నీ మూరా, నా మూరా? నా చెయ్యి చూడు, పొట్టిది. దీంతో కొలిస్తే నీకే నష్టం."

"అది సరే. సగం ఇటిక నేల్లో పూడుస్తారంట గదా. కనబడనిదానికి గూడా నా దగ్గర దుడ్డు గుంజుతారా?"

"నీ పండ్లు సగం చిగుట్లో ఉండాయి. కనబడలేదని వాటిని పీకించుకున్నావా?"

మిల్లు గుమాస్తా నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. సాహుకారుకు కూడా నవ్వు వచ్చింది. గుండ్రటి మడి దగ్గర మళ్ళీ ఆగాడు. అడ్డం ఇరవై ఒక్క అడుగులు, మూడింతలు, అరవై మూడు అన్నాడు. నేను అత్త చెవిలో అరవై ఆరన్నాను.

"అరవై ఆరంట."

"యాడనుంచి వచ్చె మూడు అడుగులు?"

అత్తకూ తెలియదు. నా వైపు చూసింది. నేను తాడు తీసుకుపోయి మడి చుట్టూ గీత వెంబడి పరిచాను. తర్వాత దాన్ని దారి మీద తిన్నగా చాపి టేపు వేశాను. అరవై ఆరు, ఇంకో రెండు వేళ్ళు. అడ్డానికి మూడింతలు, ఆ పైన ఏడో వంతు అని పుస్తకంలో చదివిన లెక్క మట్టి మీద అంత నమ్మకంగా వచ్చి కూర్చుంటుందని నేను కూడా అనుకోలేదు. ఆ రోజు నోటుపుస్తకంలో అదొక్కటే రాశాను, రెండుసార్లు.

పొడుగు మడులు కూడా ఒక్కొక్కటి చుట్టుకొలత అరవై ఆరే. మొత్తం నూట తొంభై ఎనిమిది అడుగులు. ధర ఒప్పుకున్నాడు. అప్పుడు నేను అత్త చెవిలో, "కొసరు లేదని ఇప్పుడే చెప్పు," అన్నాను.

అత్త నోరు తెరిచింది, మూసింది. "ఇంగ మిగతా సంగతి తర్వాత చూసుకుందామప్పా," అంది.

ఆ తప్పు అత్తది అని నేను ఎప్పుడూ అనలేదు. అరవై ఏళ్ళు కావస్తున్న మనిషి, జీవితంలో ఒక్కసారి కూడా పలకని మాటను నేను చెవిలో ఊదితే పలుకుతుందా? నేను పక్కనే ఉన్నాను. నాకూ నోరుంది. తెరవలేదు.

అయిదు రోజులు పని చేశాం. అంచు చక్కగా కుదిరింది. ఆ మాట ఎవరైనా అంటారని కాచుకోను, నేనే అంటాను. గుండ్రటి మడి చివరి ఇటుక మొదటి ఇటుకకు వచ్చి ఆనినప్పుడు మధ్యలో గోరు దూరదు. మర్నాడు జిల్లా నుంచి పెద్ద అధికారి టీకి వస్తాడని ఇంటికి సున్నాలు వేస్తున్నారు. సాయంత్రం ముందు సాహుకారు వచ్చి మడి చుట్టూ తిరిగి చూశాడు. మొహం విప్పారింది. డబ్బు సంచిలో చేయి పెట్టి, ఆగాడు.

"బాగుండాదమ్మా. ఇంగ కొసరు? ఆ తులసి మడికి గూడా చుట్టేయండి."

మెట్ల పక్కన తులసి మడి. చుట్టూ పద్దెనిమిది అడుగులు.

అత్త చేయి కదిలింది. చూస్తుండగానే, మాల వదిలేటప్పుడు జరిగినట్టు ముందుకు జరిగింది. "అట్లే కానీలేప్పా. దేవునిది గదా," అంది.

నేను ఇటుకలు లెక్కపెట్టాను. మా దగ్గర మిగిలినవి విరిగిన ముక్కలు కాక పదకొండు. కావలసినవి యాభైనాలుగు. మళ్ళీ బండి, మళ్ళీ కూలి. మాకు మిగిలేదానిలో నాలుగో వంతుకు పైన. నాయన వింటే ఇదేగా పద్ధతి అంటాడు. నా లెక్కన దుడ్డు రాలేదనీ అంటాడు. టేపు మేకుకు పోతుంది. ఇదంతా ఒక్క ఊపిరిలో తోచింది. అత్త చెవి ఇక నాకు పనికిరాదు. ఆ చెవి కింద ఉన్న నోరు మాట ఇచ్చేసింది.

గడ్డపార తీసుకున్నాను. గుండ్రటి మడి దగ్గరికి, గేటు వైపున్న పక్కకు పోయాను. వచ్చేవాళ్ళకు ముందు కనబడేది ఆ పక్కే. ఒక ఇటుక కింద గడ్డపార పెట్టి లేపాను. మొదటిది మొండికేసింది. తర్వాతవి పాలపళ్ళలా వచ్చాయి. ఆరు ఇటుకలు తట్టలో వేసుకుని, తల మీద పెట్టుకుని, వరండా ముందు నుంచే నడిచి తులసి మడి పక్కన దించాను. మళ్ళీ గేటు వైపు బయలుదేరాను.

"ఏయ్ ఏయ్! ఏమి చేస్తాండావు పాపా?"

ఆగాను. "కొసరప్పా," అన్నాను.

"కొసరంటే కట్టిందాంట్లోంచి పీకేదా?"

"మాలకు కొసరు మాలలోంచే తెంపుతామప్పా. దీనికి ఇంగ యాడనుంచి తెచ్చేది? ఇంకా నలభై ఎనిమిది కావాల. ఏ పక్క తీసేదో మీరే చూపించండి."

కూలీ దంపతులు పారలు దించి నిలబడ్డారు. గుమాస్తా ఈసారి అటు తిరగలేదు. సాహుకారు మొహం ఎర్రబడింది. "తులసమ్మకు గూడా దుడ్డు అడిగేదా? మీది ఏమి వంశమమ్మా? దేవుని తోట చూసేవాళ్ళు!"

"దేవుని తోటకు మేమే పెడతాం, ఎవుర్నీ అడగం. ఈ తులసి మీ ఇంటిది గదప్పా. పుణ్యం మీకు, ఇటికలు మావా?"

ఆ మాట నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. అత్త నా వైపు, నా నోటి వైపు, కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

సాహుకారు గేటు వైపు చూశాడు. అంచులో ఆరు పళ్ళు ఊడిన సందు. "ముందు దాన్ని పూడ్చు. పొద్దున దొర వస్తాడు," అన్నాడు. తులసికి ఎంతని అడిగితే రెండు రూపాయల నాలుగణాలని చెప్పాను. వద్దన్నాడు. ఆరు ఇటుకలు తెచ్చి యథాస్థానంలో పెట్టి, మట్టి పోసి మడమతో తొక్కాను. ఇరవై నాలుగు రూపాయల పన్నెండణాలు అత్త చేతిలో పెట్టి ఆయన అన్నాడు, "మీ అన్నకు చెప్పు. కూతురికి లెక్క నేర్పినాడు, మర్యాద నేర్పలేదని."

వీధి మలుపు తిరిగాక అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి నవ్వింది. "నీకు ఇంత నోరుంటే నన్నెందుకే బొగ్గు బస్సులో తిప్పినావు!" అంది.

ఇంట్లో నవ్వు లేదు. సంగతి మాకంటే ముందే చేరింది. నాయన డబ్బు తీసుకుని పక్కన పెట్టి చేయి చాపాడు.

"టేపు ఇయ్యి."

"ఇయ్యను నాయనా."

ఆయనకు నేను అంతవరకూ వద్దు, కాదు, ఇయ్యను అని ఎప్పుడూ అనలేదు. "దుడ్డు నా లెక్కన వచ్చింది. నువ్వు చెప్పింది అదే," అన్నాను.

"ఊరంతా ఏమంటాండారో తెల్సా? వీళ్ళకు కొసరు తెలీదంట!"

అప్పుడు వెదురు కర్ర తెచ్చి ఆయన ముందు పెట్టి, పక్కన టేపు పరిచాను. "పద్దెనిమిది యాడుండాదో చూడు. నీ కర్ర యాడుండాదో చూడు. నువ్వు ముందే కొసరు వేస్తాండావు నాయనా, మూర మూరకూ. ఎవురికన్నా కనబడిందా?"

నాయన కర్రను పక్కకు జరిపి తన చేతినే టేపు మీద పెట్టాడు. మోచేయి సర్దుకున్నాడు. వేళ్ళు ముడిచి మళ్ళీ చాపాడు. అంగుళమున్నర ఎక్కడికీ పోలేదు. "ఈ మాట బయట ఎవురికీ చెప్పొద్దు," అన్నాడు. టేపు చుట్టి డబ్బాలో పెట్టి నా వైపు జరిపాడు. నేను చేసింది సరే అని మాత్రం అనలేదు. ఇప్పటికీ అనలేదు. కర్రను మల్లెపొదకు ఊతంగా పాతాడు.

ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో వకీళ్ళ ఇళ్ళకు కూడా నేనే కొలుస్తున్నాను. అత్త తోడు వస్తుంది కానీ ఎక్కువగా నీడలో కూర్చుని ఆకు వక్క నములుతుంది. పని ఒప్పుకోకముందే నాలుగు మాటలు కాగితం మీద రాసి చేతికిస్తాను. నాలుగోది, కొసరు లేదు. చదివి కాగితం తిరిగి ఇచ్చేసినవాళ్ళు ఉన్నారు. ఇవ్వనీ. సాహుకారు తులసి మడికి ఎవరితోనో పగిలిన పెంకులు పాతించాడు. వంకరగా ఉన్నాయి. తులసి ఏపుగానే పెరుగుతోంది.

మొన్న శుక్రవారం సాహుకారు భార్యే మా అరుగు దగ్గరికి వచ్చి రెండు మూరల కనకాంబరాలు అడిగింది. అత్త లోపల ఉంది. నేనే కొలిచాను. కొలిచి, ఇంకో నాలుగు వేళ్ళు వదిలి తెంపాను. ఆమె ఆ నాలుగు వేళ్ళ మాలను చూసి, నన్ను చూసింది.

"నీకు కొసరు తెల్సే!"

"పూలకు తెల్సమ్మా," అన్నాను. తల దించకుండానే అన్నాను.